అడిగే మాట, చెయ్యమనే మాట, వద్దనే మాట: చిన్నపిల్లలకి వాక్యాలు ఎలా చెప్పాలి

(విజయనగరం జిల్లాలో ఒక స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో, రిటైరైన తెలుగు టీచరు ఒకరు ఒకటి నుంచి మూడో తరగతి వరకు చెప్పే టీచర్లతో మాట్లాడింది. ఫోన్ రికార్డింగ్ విని రాసినది, మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారమండి. వెనకాల వాళ్లకి వినిపిస్తందా? లేకపోతే ఈ మైకు తీసి పక్కన పెట్టేస్తాను, సర్వీసంతా మైకు లేకుండానే అరిచాను కదా, ఇప్పుడెందుకు. (నవ్వులు)

నాకు పంపిన కాయితంలో టాపిక్ "ప్రాథమిక స్థాయిలో వాక్యభేదాల బోధన" అని ఉంది. బావుంది. కాకపోతే ఆ పేరు వింటేనే ఆరేళ్ల గుంటలకి జ్వరం వస్తాది, కాబట్టి ఈ గంటసేపు ఆ పేరు పక్కన పెట్టి మాట్లాడుకుందాం. ముందు ఒకటి అడుగుతాను, ఎవరైనా చెప్పొచ్చు. వాక్యం అంటే ఏటండి?

(సభలోంచి: కర్త, కర్మ, క్రియ ఉండేది.)

ఆఁ, అదే వస్తాదని తెలుసు. మనందరం అదే చదువుకున్నాం, అదే చెప్పాం. సరే మేడం, మీది ఏ ఊరండి?

(సభలోంచి: మాది రాజాం.)

"మాది రాజాం." ఇది వాక్యమేనా? వాక్యమే కదేటి, ఇంతమందిమి ఉన్నాం, అందరికీ అర్థమైంది. మరి క్రియ ఏదండి ఇందులో? లేదు. కర్మ అసలే లేదు. ఒకటో తరగతిలో మనం మొదట చదివించేవి చూడండి, "ఇది పలక", "అది ఆవు", "ఆమె మా అమ్మ". ఒక్కదాంట్లోనూ క్రియ ఉండదు. ఇంగ్లీషులో అయితే "ఈజ్" అని ఒకటి పెట్టకపోతే వాక్యం నిలబడదు, మనకి ఆ అవసరం లేదు, రెండు పేర్లు పక్కపక్కన పెడితే చాలు వాక్యం అయిపోతాది. అలాంటి భాషలో చిన్నపిల్లల దగ్గరికి వెళ్లి కర్త కర్మ క్రియ ఉంటేనే వాక్యం అని మొదలుపెట్టామంటే, మొదటి పేజీలో ఉన్న పాఠమే మన మాటని కొట్టేస్తాది. కాబట్టి ఆ నిర్వచనం హైస్కూలుకి వదిలేద్దాం, అక్కడ కూడా జాగ్రత్తగానే చెప్పాలి, కానీ అది వాళ్ల గొడవ.

నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఒక్కటేనండి. ఐదేళ్ల పిల్ల బడికి వచ్చేటప్పటికే దానికి అన్ని రకాల వాక్యాలూ వచ్చు. మనం నేర్పేది ఏమీ లేదు. దానికి వచ్చిన దాన్ని అదే గమనించుకునేలా చెయ్యాలి, మన పని అంతవరకే. నమ్మకం లేకపోతే సాయంత్రం బడి వదిలాక గేటు దగ్గర ఐస్ బండి వస్తాది కదా, అక్కడ నిలబడి వినండి. ఒక గుంట వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని ఉంటాది. "అమ్మా, ఐస్ బండి వచ్చీసింది." చెప్పడం అయింది. "ఐస్ కొంటావా?" అడగడం అయింది. "కొనీ అమ్మా." బతిమాలడం. "నాకు ఎర్రది వద్దు, అది కొనకు." వద్దనడం. "అబ్బా, ఎంత చల్లగుందో!" అదీ అయింది. ఇంకా అమ్మ కదలకపోతే "కొంటే ఇంటికాడ ఏడవను" అంటాది. చూశారా, ఇది పదో తరగతిలో చేదర్థకం, అంటే ఇలా జరిగితే అలా అనే షరతు మాట, అని బిట్టు వస్తాది, పెద్ద పిల్లలు దానికి గైడు తిరగేస్తారు, ఈ గుంట ఐస్ కోసం వాడేసింది. ఒక్క నిమిషంలో ఇన్ని రకాలు మాట్లాడిన పిల్లని మర్నాడు క్లాసులో నిలబెట్టి "ఒక ప్రశ్నార్థక వాక్యం చెప్పు" అంటే గోడ వైపు చూస్తాది. లోపం పిల్లలో ఉందాండి?

ఇప్పుడు కొంచెం భాష సంగతి చూద్దాం. ఇంగ్లీషులో అడగాలంటే మాటల వరస మార్చాలి. "యు ఆర్ ఈటింగ్" అంటే చెప్పడం, "ఆర్ యు ఈటింగ్" అంటే అడగడం, ముందుది వెనక్కి వెనకది ముందుకి. హిందీలో అయితే ముందు "క్యా" పెడతారు. ఇచ్ఛాపురం వైపు పనిచేసిన వాళ్లకి తెలుస్తాది, ఒడియా పిల్లలు చివర "కి" అని పెడతారు. మనకి వరస కదలదు, కొత్త మాట కూడా అక్కర్లేదు. "తింటన్నావు", "తింటన్నావా". చివర ఒక్క దీర్ఘం, అయిపోయింది. అసలు తెలుగులో వాక్యం ఏ రకమో దాని తోక చూస్తే తెలిసిపోతాది. తిను అంటే చెయ్యమనడం. తినకు, తినొద్దు అంటే వద్దనడం. తిందాం అంటే అందరం కలిసి చేద్దామనడం. తినొచ్చు అంటే సరే అని ఒప్పుకోవడం. తినగలను అంటే నాకు చాతనవుతాదని. తింటే అని ఆపేస్తే ఇంకా ఏదో మాట రావాలి, పిల్లలు కూడా ఆగి చూస్తారు, ఆ తర్వాత ఏటి అని. ఇన్ని రకాలూ ఒక్క "తిను" పట్టుకుని తోక మార్చుకుంటా పోతే వచ్చేస్తాయి.

మన చార్టులు మాత్రం ఎక్కువగా ఇంగ్లీషు గ్రామర్ పుస్తకం చూసి తయారైనవి. నాలుగు గడులు గీస్తారు, రెండిట్లో చుక్క, ఒకదాంట్లో క్వశ్చన్ మార్కు, ఒకదాంట్లో ఆశ్చర్యార్థకం గుర్తు. పిల్లలు ఏం నేర్చుకుంటారు? కొంకి ఉంటే ప్రశ్న, నిలువుగీత కింద చుక్క ఉంటే ఆశ్చర్యం. అంటే వాక్యం చదవకుండానే జవాబు రాసెయ్యొచ్చు. తాటాకుల మీద రాసుకున్న రోజుల్లో మనకి ఈ గుర్తులు లేవండి, అచ్చుతో పాటు ఇంగ్లీషు వాళ్ల దగ్గర్నుంచి వచ్చాయి, అప్పుడు మనవాళ్లు ప్రశ్నలు అడుక్కోలేదా? గుర్తులు నేర్పొద్దని అనటం లేదు, రాతకి కావాలి, గట్టిగా చదివేటప్పుడు గొంతు ఎక్కడ లేవాలో చెప్తాయి. కాకపోతే చెవి ముందు, గుర్తు తర్వాత. నేను చెప్పే పద్ధతి, ఏ గుర్తూ పెట్టకుండా వాక్యాలు బోర్డు మీద రాసి, పిల్లలు నోటితో అన్నాక వాళ్ల చేతే గుర్తు పెట్టించడం.

సరే, ఆట ఒకటి చెప్తాను, దీనికి పైసా ఖర్చు లేదు, టీఎల్ఎం, అదే పాఠానికి చేసుకునే చార్టులూ బొమ్మలూ, చెయ్యక్కర్లేదు, వరండాలో చోటు ఉంటే చాలు. పిల్లల్ని నిలబెట్టండి. మీరు "గెంతు" అంటే గెంతాలి. "గెంతకు" అంటే కదలకూడదు. "గెంతుదాం" అంటే మీరు కూడా గెంతాలి, తప్పించుకోకూడదు. (నవ్వులు) "గెంతుతావా?" అంటే నోటితో జవాబు చెప్పాలి గాని గెంతకూడదు. "రాజు గెంతుతాడు" అంటే అది కబురు, విని ఊరుకోవాలి. ముందు మెల్లగా అనండి, తర్వాత స్పీడ్ పెంచండి. "గెంత్" అనేవరకు అన్నీ ఒకటేలా ఉంటాయి కాబట్టి పిల్లలు తోక కోసం చెవి రిక్కించి వింటారు, అదే మనకి కావల్సింది. రెండో రోజు పిల్లల్లోనే ఒకర్ని లీడర్ని చెయ్యండి. అప్పుడు చూడాలి, మాట్లాడని పిల్లలు కూడా ఆ పోస్టు కోసం కొట్టుకుంటారు, ఎందుకంటే బళ్లో ఆర్డర్ వేసే అవకాశం వాళ్లకి ఎప్పుడొస్తాది? ఇదే కార్డులు కత్తిరించి, ఒక ముక్క మీద "గెంతు", ఇంకో ముక్క మీద "కు" అని రాసి అతికించే యాక్టివిటీగా చేద్దామని కొందరు అంటారు. వద్దండి. అతికించే చోట అక్షరాలు మారిపోతాయి, వెళ్లు, వెళ్లకు, వెళ్దాం, వెళ్తావా, ఎన్ని రకాలుగా రాయాలో చూడండి. రాత ఇంకా నిలదొక్కుకోని పిల్లలకి అది వాక్యాల పాఠం అవదు, స్పెల్లింగ్ పరీక్ష అవుతాది. నోటితో జరిగేది నోటితోనే జరగనివ్వండి.

ఈ ఆటలో ఒక తమాషా జరుగుతాది, మీరు ఆడిస్తే మీకే తెలుస్తాది. "గెంతుతావా?" అనగానే సగం మంది గెంతేస్తారు. మీరు అవుట్ అంటారు. వాళ్లు "మీరే గెంతమన్నారు కదేటండీ" అంటారు. వాళ్ల మాట కూడా నిజమే! ఇంట్లో నాన్న "ఆ చెంబు ఇటు తెస్తావా" అంటే, "తెస్తాను" అని చెప్పి కూర్చుంటే ఊరుకుంటాడా? అది చూడ్డానికి ప్రశ్న, లోపల పని చెప్పడం. మనం క్లాసులో "ఎవరా మాట్లాడేది?" అంటాం. అది ప్రశ్న అనుకుని పాపం ఎవడైనా లేచి "నేనేనండి" అన్నాడనుకోండి, వాడి పని అయిపోతాది. (నవ్వులు) మనం అక్కడ అడగలేదు, నోరు ముయ్యమన్నాం. అలాగే ఇంకోటి. మామ్మ తల మీద చెయ్యి పెట్టి "నూరేళ్లు చల్లగా ఉండు" అంటాది, మాస్టారు "నోరు మూసుకుని ఉండు" అంటారు. రెండిట్లోనూ ఉండు ఒకటే, తోక ఒకటే. ఒకటి దీవెన, ఒకటి ఆర్డరు. పై క్లాసుల్లో ఆశీరర్థకం, విధ్యర్థకం అని పేర్లు పెట్టి విడదీస్తారు, కాని రెండూ వేరని తెలియడానికి ఆ పేర్లు అక్కర్లేదు, పిల్లలకి ఎప్పుడో తెలుసు, ఒకదానికి నవ్వుతారు, రెండోదానికి తల దించుకుంటారు.

అంచేత తోక చూడు అనేది మొదటి మెట్టు, దాంతోనే సరిపోదు. రెండో తరగతి దాటాక ఇంకోటి అడగాలి, "ఈ మాట అన్నవాళ్లకి ఏటి కావాలి?" జవాబు కావాలా, పని కావాలా, ఊరికే చెప్తన్నారా? ఈ ఒక్క ప్రశ్నతో పిల్లలు చాలా దూరం వెళ్తారు. మన ఊళ్లలో బయల్దేరిన మనిషిని "ఎక్కడికి" అని అడగరు, తెలుసు కదా, అపశకునం అని. "దూరమా?" అంటారు. ఊరు పేరు తెలుసుకోవాలనే అడుగుతారు, కాని ఆ మాట రానివ్వరు. వెళ్లేవాళ్లు కూడా "వెళ్తాను" అనరు, "వెళ్లొస్తాను" అంటారు. ఇలాంటివి మూడో తరగతి పిల్లల్ని ఇంటి నుంచి పట్టుకు రమ్మనండి. హోంవర్క్ కింద "పది ప్రశ్నలు రాసుకురండి" అంటే పుస్తకంలోవి ఎక్కించుకొస్తారు. "నిన్న సాయంత్రం మీ ఇంట్లో ఎవరు ఎవర్ని ఏం అడిగారో విని రండి" అంటే నిజం వాక్యాలు వస్తాయి. కొన్ని మనం వినకూడనివి కూడా వస్తాయి, అవి బోర్డు మీద రాయకండి. (నవ్వులు)

ఇప్పుడు మనకి కొంచెం చేదుగా ఉండే మాట. ఒక పీరియడ్ మీ ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి, టేబుల్ మీద వదిలేసి, రాత్రి ఇంట్లో ఒంటరిగా వినండి, ఎవరికీ వినిపించక్కర్లేదు. కూర్చో. తియ్యండి. రాయండి. మాట్లాడకు. అటు చూడకు. చెప్పు. గట్టిగా చెప్పు. మన నోట్లోంచి వచ్చేవాటిలో చాలా భాగం చెయ్యమనడమో వద్దనడమో. అడిగే మాటలు ఉంటాయి, కాని అవన్నీ జవాబు మనకి ముందే తెలిసినవి. పిల్లలు ఏమంటారో వినండి. జవాబులు. "అవునండి", "లేదండి", "అయిపోయిందండి". పిల్ల తనంతట తను అడిగిన ప్రశ్న ఏదైనా ఉందా? "టీచర్, బయటికి వెళ్లనా?" ఒక్కటే. అదీ ప్రశ్న కాదు, పర్మిషన్. ఐస్ బండి దగ్గర అన్నేసి రకాలు ఆడిన గుంట, లోపలికొచ్చాక రెండు రకాలతో రోజు గడిపేస్తంది. ఆ క్లాసులో ప్రశ్నార్థక వాక్యం పాఠం ఎంత బాగా చెప్తే మాత్రం ఏం లాభం, వాడే చోటే లేకపోతే?

అందుకని అడిగే ఆట ఒకటి పెట్టుకోండి. ఒక గుడ్డసంచిలో ఒక వస్తువు వెయ్యండి. టీచరు అవును, కాదు అని తప్ప ఏం మాట్లాడకూడదు. పిల్లలే అడగాలి. "తినీదా?" "చెట్టుకి కాస్తాదా?" "మా ఇంట్లో ఉంటాదా?" "గట్టిగా ఉంటాదా?" ఇలా అడుగుతా అడుగుతా చివరికి జీడిపప్పు అని పట్టేస్తారు, పలాస వైపు బళ్లలో అయితే మూడో ప్రశ్నకే పట్టేస్తారు. పప్పే వెయ్యండి, పచ్చి జీడిపిక్క తొక్కతో మాత్రం పిల్లల చేతికివ్వకండి, ఆ జీడి అంటుకుంటే చెయ్యి పొక్కిపోతాది. ఈ ఆటలో అన్నీ దీర్ఘం పెట్టి అడిగే ప్రశ్నలే వస్తాయి, ఎందుకంటే మీరు అవును కాదు తప్ప చెప్పరు. వారం పోయాక రూల్ మార్చండి, ఇప్పుడు అవును కాదు అనను, మాట చెప్తాను అనండి. అప్పుడు "ఏ రంగు?", "ఎక్కడ దొరుకుతాది?", "ఎవరు అమ్ముతారు?" వస్తాయి. ఎవరు, ఏటి, ఎక్కడ, ఎప్పుడు, ఎలాగ, ఎందుకు. వీటికి చివర దీర్ఘం అక్కర్లేదు, ప్రశ్నమాట ఉంటే చాలు. ప్రశ్నలు రెండు రకాలని మీరు చెప్పక్కర్లేదు, రూల్ మార్చినప్పుడు వాళ్ల నోరే మారిపోతాది.

మూడో తరగతిలో తెలివైన పిల్లలకి ఇంకొంచెం ఇవ్వొచ్చు, ఇది నాకు చాలా ఇష్టమైన పని. "రాము నిన్న మామిడిపండు తిన్నాడు" అని బోర్డు మీద రాయండి. "నాకు తిన్నది రామూనో కాదో అనుమానం, ఎలా అడగాలి?" అంటే, "నిన్న మామిడిపండు తిన్నది రామూనా?" అంటారు. "నిన్నో మొన్నో అనుమానం." "రాము మామిడిపండు తిన్నది నిన్ననా?" "పండే అనుమానం." "రాము నిన్న తిన్నది మామిడిపండా?" చూడండి, తిన్నాడు కాస్తా తిన్నది అయిపోయింది, అనుమానం ఉన్న మాట చివరికొచ్చి కూర్చుని దీర్ఘం తగిలించుకుంది. ఎవరు చెప్పారు వాళ్లకి తిన్నది అనమని? ఎవరూ చెప్పలేదు. ఎనిమిదేళ్ల పిల్లలు తడుముకోకుండా చేస్తారు. మీరు చెయ్యాల్సిందల్లా "చివర ఏ మాట మారిందిరా?" అని అడిగి ఊరుకోవడం.

ఇంకో సంగతి, ఇది గట్టిగా చెప్పాలి. పిల్ల లేచి "టీచర్, ఇదేటి?" అంది. మనం ఏమంటాం? "ఇదేటి కాదు, ఇదేమిటి అను." అయిపోయింది. పిల్ల ప్రశ్న అడిగింది, మనం జవాబివ్వలేదు, ప్రశ్నని సరిదిద్దాం. రేపు అడగదు. రెండు పనులు ఒకేసారి పెట్టుకోకండి. వాక్యం రకం చూసే పీరియడ్‌లో యాస దిద్దకండి. "ఎప్పుడొస్తావు", "ఎప్పుడొస్తవు", "ఎప్పుడొత్తావు", మూడూ అడిగే మాటలే, మూడూ రైటే. పుస్తకం భాష రాతలోకి మెల్లగా వస్తాది, దానికి వేరే టైముంది. మన యాసలో కొన్ని తోకలు పుస్తకంలో దొరకవు కూడా. "వచ్చీసినాడు గావాల." ఇది చెప్పడమా అడగడమా? రెండూ కాదు, ఊహ. "వస్తావు కదేటి?" ఇందులో అడగడం ఉంది, రావాలి సుమా అని ఒత్తిడి కూడా ఉంది. వీటిని పాఠంలోకి తెచ్చుకోండి, దాచుకోకండి. వాడుక భాష కోసం జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు ఈ పక్కనే శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, 1863 ఆగస్టు 29న. ఏటా ఆ రోజున తెలుగు భాషా దినోత్సవం అని బళ్లలో దండలు వేయిస్తాం, ప్రసంగాలు చేయిస్తాం, అదే రోజు క్లాసులో పిల్ల "ఏటి" అంటే నెత్తి మీద మొడతాం.

ఆశ్చర్యం గురించి ఎక్కువ చెప్పను. చిన్న క్లాసుల్లో దాన్ని ఆఖర్న పెట్టుకోండి. అడగడం, చెప్పడం లాగ అది అంత స్పష్టంగా ఉండదు, గొంతు మీద ఆధారపడి ఉంటాది. తోక కావాలంటే ఒకటుంది, "ఎంత" అని మొదలుపెట్టి చివర "ఓ" అనడం. "సిరిమాను ఎంత ఎత్తుంది?" అంటే అడగడం, "ఓలమ్మో, సిరిమాను ఎంత ఎత్తుందో!" అంటే నోరు తెరవడం. విజయనగరంలో సిరిమాను తిరిగే పైడితల్లి పండక్కి వెళ్లొచ్చిన వారంలో ఈ పాఠం పెట్టుకుంటే మీరు ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు, ఆ మాను చివర పూజారిగారు కూర్చుని కోట దగ్గరికి వెళ్లడం చూసిన ఏ పిల్లనైనా అడగండి. అయితే అదే "ఓ" ఇంకో చోట అనుమానం అవుతాది, "బస్సు వస్తాదో రాదో". కాబట్టి ఓ ఉంటే ఆశ్చర్యం అని రూల్ మాత్రం చెప్పకండి.

ఇక పెద్ద వాక్యాలు. మన సిలబస్ వరస ఎలా ఉంటాది? ముందు సామాన్య వాక్యం, తర్వాత సంక్లిష్టం, తర్వాత సంయుక్తం. వినడానికి బానే ఉంది, చిన్నది ముందు పెద్దది తర్వాత. ఇప్పుడు ఒకటో తరగతి గుంటడిని పొద్దున్న ఏం చేశావురా అని అడగండి. "లేచి, పళ్లు తోముకుని, చోడి అంబలి తాగి, చొక్కా ఏసుకుని, మా అప్పతో కలిసి బడికొచ్చీసినాను." ఒక్కటే వాక్యం! సంక్లిష్ట వాక్యం, అదీ నాలుగైదు మెలికలతో. వాడికి సామాన్య వాక్యాలే కష్టం. "నేను లేచాను. నేను పళ్లు తోముకున్నాను. నేను అంబలి తాగాను." ఇలా ఎవరు మాట్లాడతారండి, పుస్తకం తప్ప? కాబట్టి కలపడం నేర్పకండి, విడగొట్టడం నేర్పండి. వాడు చెప్పిన పెద్ద వాక్యం బోర్డు మీద రాసి, "ఇందులో ఎన్ని పనులు చేశావురా?" అని లెక్కపెట్టించండి, ఒక్కో పనికీ ఒక్కో పిల్లని నిలబెట్టండి, చివర్న "వచ్చీసినాను" దగ్గర ఉన్నవాడు కూర్చుంటే ఏమవుతాదో చూపించండి. మాట తెగదు, అందరూ "తర్వాత?" అంటారు. సమాపక క్రియ అంటే అదే, పేరు తర్వాతెప్పుడో వస్తాది. రాతలో పిల్లలు ఎక్కడ చుక్క పెట్టాలో తెలీక పేజీ అంతా ఒకటే వాక్యం రాస్తారని మనం విసుక్కుంటాం కదా, ఈ విడగొట్టే పని చేయిస్తే అది చాలావరకు తగ్గుతాది.

పై క్లాసుల్లో ఒక రూల్ చెప్తారు, సంక్లిష్ట వాక్యంలో కర్త ఒకటే ఉండాలని. "వానలు పడి చెరువులు నిండాయి." పడింది వాన, నిండింది చెరువు. ఇద్దరు కర్తలు, శుభ్రమైన తెలుగు. రూల్ కంటే పిల్లల చెవి గట్టిది. వాక్యం మీద మన పాత వ్యాకరణాలు పెద్దగా పని చెయ్యలేదు కూడా. చిన్నయసూరి గారి బాలవ్యాకరణం 1858లో అచ్చయింది, పది పరిచ్ఛేదాలు, సంజ్ఞ, సంధి, తత్సమం, ఆచ్ఛికం, కారకం, సమాసం, తద్ధితం, క్రియ, కృదంతం, ప్రకీర్ణకం. వాక్యానికంటూ ఒక పరిచ్ఛేదం లేదు. పేరులో బాల ఉంది గాని ఎమ్మే వాళ్లు కూడా చెమటలు పట్టి చదువుతారు. కాబట్టి మనకి పాత దారి లేదు, ఇంగ్లీషు దారి మనకి సరిపడదు, పిల్లల మాట వింటా మనమే వేసుకోవాలి.

ఇంక ఎవరైనా అడగాలనుకుంటే అడగండి, నేనే మాట్లాడేస్తన్నాను.

(సభలోంచి: పరీక్షలో పేర్లే అడుగుతారు కదండి, విధ్యర్థకం, నిషేధార్థకం అని. పేర్లు చెప్పకపోతే ఎలా?)

ఒకటి రెండు తరగతుల్లో ఎవరూ అడగరండి, మనమే ముందు జాగ్రత్తగా చెప్పేస్తాం. అడిగే మాట, చెప్పే మాట, చెయ్యమనే మాట, వద్దనే మాట, అబ్బో అనే మాట, ఈ పేర్లు చాలు. పై క్లాసుకి వెళ్లాక అసలు పేరు చెప్తే ఒక రోజులో అతుక్కుంటాది, ఎందుకంటే సరుకు ముందే ఉంది, లేబుల్ అంటించడమే. తిరగేసి చేస్తే పేర్లు బట్టీ పడతారు, "మీరు లోపలికి రావచ్చు" ఇస్తే "చ్చు" చూసి ఒకటి రాస్తారు, "రేపు వాన రావచ్చు" ఇచ్చినా అదే రాస్తారు. మొదటిది అనుమతి, రెండోది సంభావన, అంటే అలా జరిగే వీలుందని. చెప్పిన వాళ్లకి ఏటి కావాలి అని ఆలోచించే అలవాటు లేకపోతే ఆ బిట్టు పోయినట్టే.

(సభలోంచి: మాది సింగిల్ టీచర్ స్కూల్. ఐదు క్లాసులూ ఒకే గదిలో. ఈ ఆటలన్నీ ఎప్పుడు ఆడించాలి?)

మీకే సులువండి, నిజంగా. గెంతే ఆటకి ఐదో తరగతి పిల్లని లీడర్ చెయ్యండి, చిన్నవాళ్లు గెంతుతారు, నాలుగో తరగతి వాళ్లు ఆమె ఏ రకం మాట అంటోందో పలక మీద గీతలు పెడతారు. పది నిమిషాలు. మీరు ఆ టైములో ఆన్‌లైన్ అటెండెన్స్ వేసుకోవచ్చు, ఫోన్‌కి సిగ్నల్ ఉంటే. (నవ్వులు)

(సభలోంచి: సీతంపేట వైపు పనిచేశాను. అక్కడి సవర గిరిజనుల పిల్లలకి తెలుగు తోకలు పట్టుబడవు, అప్పుడేం చెయ్యాలి?)

మంచి మాట అడిగారు. వాళ్లకి ఇది తెలిసిన సంగతి గమనించడం కాదు, కొత్త భాష, కాబట్టి నేను ఇందాకట్నుంచి చెప్పిందంతా అక్కడ ఉన్నదున్నట్టు పనిచెయ్యదు. ముందు వాళ్ల భాషలో ఎలా అడుగుతారో, ఎలా వద్దంటారో మీరు నేర్చుకోవాలి. గిడుగు వారు చేసింది అదే, పర్లాకిమిడిలో ఉన్నప్పుడు సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకుని, వాళ్లకి పుస్తకాలు రాశారు. మనకి అంత అక్కర్లేదు, ఊళ్లో ఒక అమ్మని పిలిచి రా, వద్దు, వచ్చావా, ఎంత బావుందో, ఈ నాలుగూ సవరలో చెప్పించుకుని తెలుగు లిపిలో గోడ మీద రాసుకోండి, పక్కనే తెలుగువి. గెంతే ఆట ముందు సవరలో ఆడించండి, పిల్లలే లీడర్లు, మీరే గెంతండి. మీరు తప్పు గెంతితే వాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి, అడగడానికి భయం పోతాది. ఆ తర్వాత అదే ఆట తెలుగులో. "గెంతుతావా" దగ్గర వాళ్లు ఎక్కువ రోజులు తడబడతారు, తొందరపెట్టకండి, ముందు గెంతు, గెంతకు, ఈ రెండే సాగనివ్వండి.